నేలలో, భూగర్భ జలంలో పెట్రోలియం కాలుష్య పరీక్ష

పెట్రోలు, డీజిలు, కిరోసిను, ఇంజను ఆయిలు, ముడి చమురు వంటివి నేలలోకి ఇంకాయా, ఇంకితే ఎంత లోతుకు దిగాయి, ఎంత దూరం పాకాయి, తాగే నీటిని తాకాయా అన్న సంగతిని నమూనాలు తీసి, ప్రయోగశాలలో కొలిచి తేల్చే ప్రక్రియే పెట్రోలియం కాలుష్య పరీక్ష. రైతులు ఎరిగిన భూసార పరీక్షకు, దీనికి పేరులోనే పోలిక. భూసార పరీక్షలో ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, సూక్ష్మ పోషకాలు చూస్తారు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో ఉండేవీ అవే. అందులో చమురుకు గడి లేదు.

నమూనా తీసే పద్ధతి కూడా వేరే. భూసార పరీక్షకు పొలమంతా తిరిగి పది పదిహేను చోట్ల మట్టి తీసి, గోనెపట్టా మీద కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో సంచిలో కట్టి పంపుతారు. చమురు పరీక్షకు అలా ఆరబెట్టిన మట్టి పనికిరాదు. వెతుకుతున్న పదార్థం ఆరబెట్టేటప్పుడే గాలిలో కలిసిపోతుంది. ఈ పరీక్షలో తప్పులు ఎక్కువగా దొర్లేది ప్రయోగశాలలో కాదు, నమూనా తీసే చోటే. కాలువ నీళ్లతో భూగర్భ జలమట్టం ఏటా ఎక్కి దిగే కృష్ణా డెల్టాలో అయితే ఏ నెలలో తీశారన్నది కూడా ఫలితాన్ని మార్చేస్తుంది.

ప్రాంత నేపథ్యం: కొల్లూరు, పశ్చిమ డెల్టా

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న కొల్లూరు మండలం కృష్ణా నది కుడి గట్టున ఉంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. కోహినూరు వజ్రంతో పేరు ముడిపడిన కొల్లూరు ఇది కాదు. అది నదికి చాలా ఎగువన, పల్నాడు వైపు పులిచింతల జలాశయం ముంపు ప్రాంతంలోది. ఈ కొల్లూరుకు వజ్రాలు లేవు గానీ అరటి, పసుపు, కంద పండే ఒండ్రు నేల ఉంది.

తెనాలి, కొల్లూరు, రేపల్లె, బాపట్ల మధ్య నేల ఒక్క తీరుగా ఉండదు. కరకట్టకు ఏటి వైపున పోతార్లంక, పెసర్లంక వంటి లంక గ్రామాల్లో ఇసుక కలిసిన ఒండ్రు. కట్ట దాటి ఇవతలికి వస్తే వరి పండే నల్ల బంకమట్టి. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్లే కొద్దీ చవిటి నేలలు, అడుగున ఉప్పునీరు. బాపట్ల, చీరాల తీరంలో మళ్లీ ఇసుక. ఒలికిన డీజిలు ఈ నాలుగు నేలల్లో నాలుగు రకాలుగా నడుస్తుంది.

భూగర్భ జలం ఇక్కడ పైపైనే దొరుకుతుంది. 1855లో పూర్తయిన ఆనకట్ట, 1957లో దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఇచ్చిన కాలువ నీరు పొలాల్లో నిలిచే నెలల్లో జలమట్టం నేలకు దగ్గరగా వస్తుంది. కాలువలు కట్టేసిన తర్వాత ఎండల్లో దిగిపోతుంది. ఇసుక పొరల్లో దింపిన ఫిల్టర్ పాయింట్లతో రైతులు ఆ నీటిని తోడుకుంటారు. ఎండాకాలంలో ఏటి ఇసుకలో చలమ తవ్వితే చేతికే నీరు అందుతుంది. నీరు ఇంత చేరువలో ఉన్న చోట నేల మీద ఒలికిన నూనెకు, తాగే నీటికి మధ్య దూరం చాలా తక్కువ.

కాలుష్య మూలాలు

పెట్రోలు బంకుల్లో భూమిలో పాతిన ట్యాంకులు, వాటి పైపు కీళ్లు మొదట అనుమానించవలసినవి. ట్యాంకరు దింపేటప్పుడు ఒలికేది, నింపేటప్పుడు పొంగేది వాటి తర్వాత వస్తాయి. బస్సు డిపోలు, రైల్వే యార్డులు, మెకానిక్ షెడ్లలో పారబోసిన వాడేసిన ఆయిలు, డీజిలు జనరేటర్లు మరో వరుస. పొలం గట్టున ఆయిల్ ఇంజను, రొయ్యల చెరువు గట్టున జనరేటరు, నిజాంపట్నం రేవులో మరపడవల డీజిలు డ్రమ్ములు ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనవి. ఒక్కో చోట ఒలికేది కొంచెమే. అయితే ఆయిల్ ఇంజను నిలబడేది సరిగ్గా బోరు పక్కనే. బోరు పైపు చుట్టూ సిమెంటు దిమ్మె లేకపోతే, ఆ సందు గుండా నూనె నేరుగా నీటి పొరకు దిగుతుంది.

ముడి చమురు, సహజవాయువు కూడా ఈ ప్రాంతానికి దూరం కావు. కృష్ణా-గోదావరి బేసిన్ పశ్చిమ అంచు ఇటువైపే ఉంది. ఏటికి ఆవల నాగాయలంక ప్రాంతంలో చమురు నిక్షేపాలు బయటపడ్డాయి. అందువల్ల ఈ నేలలో మనుషులు ఒలకబోయకపోయినా తేలిక హైడ్రోకార్బన్ల ఆనవాళ్లు ఉండవచ్చు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు మట్టి రేణువులను పట్టుకుని ఉన్న మీథేన్, ఈథేన్ వంటి వాయువులను అతి సూక్ష్మ స్థాయిలో కొలిచి, కింద చమురు ఉందేమో అంచనా కట్టే పని ఈ బేసిన్‌లోనూ చేశారు. ఒకే కొలత ఒకరికి నిధి జాడ, మరొకరికి కాలుష్యం జాడ. రెండింటినీ విడదీయడానికి ఏ హైడ్రోకార్బన్ ఎంత ఉందో విడివిడిగా చూడాలి. సహజంగా పైకి ఊరేవాటిలో మీథేన్ కుటుంబపు తేలిక వాయువులు కనిపిస్తాయి. బంకు నుంచి కారినదైతే బెంజీన్, టొలుయీన్, జైలీన్ ముందు నిలుస్తాయి.

నేలలో చమురు నడక

పెట్రోలియం ఒక్క పదార్థం కాదు, వందల హైడ్రోకార్బన్ల మిశ్రమం. పెట్రోలులో దాదాపు 4 నుంచి 12 కార్బన్ల అణువులు ఉంటాయి, డీజిలులో సుమారు 10 నుంచి 28 వరకు. కందెన నూనెలు అంతకంటే బరువు. తేలికవి గాలిలోకి లేస్తాయి, నీటిలో కొంత కరుగుతాయి, త్వరగా దూరం పోతాయి. బరువైనవి మట్టిని అంటుకుని ఏళ్ల తరబడి ఉన్న చోటే ఉంటాయి.

కారిన నూనె ముందు బరువుకు కిందికి దిగుతుంది. దారిలో మట్టి రేణువుల మధ్య కొంత చిక్కుకుపోతుంది. జలమట్టాన్ని చేరాక, నీటికంటే తేలిక కాబట్టి పైన తేలి పక్కలకు పరుచుకుంటుంది. తేలే పొర నుంచి బెంజీన్ వంటివి మెల్లగా నీటిలో కరిగి, భూగర్భ జలం పారే దిక్కున నాలుకలా సాగుతాయి. బాపట్ల, చీరాల తీరపు రైతులకు ఈ సంగతి వేరే రూపంలో అనుభవమే. అక్కడి ఇసుకలో ఉప్పునీటి మీద మంచినీరు పలచని పొరగా తేలుతుంది. లోతుకు పోకుండా దొరువు తవ్వి పై నీటినే తోడుకోవడం పాత పద్ధతి. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకం శాస్త్రవేత్తలు దాన్నే రంధ్రాల పైపులతో మెరుగుపరిచారు. ఉప్పునీటి మీద మంచినీరు తేలినట్టే మంచినీటి మీద పెట్రోలు తేలుతుంది. లోతైన బోరు నీరు పరీక్షించి ఏమీ లేదనడం, దొరువు మీది నీటి సంగతి అడుగు నీటిని చూసి చెప్పడం లాంటిదే.

ఎక్కి దిగే జలమట్టం ఈ పొరను నిలువునా పులుముతుంది. ఎండల్లో మట్టం దిగితే నూనె దానితోపాటు దిగి, దారిలోని మట్టికి పూసుకుంటుంది. కాలువలకు నీళ్లు వదిలాక మట్టం ఎక్కితే ఆ పూత నీటి కింద చిక్కుకుంటుంది. అప్పుడు బావిలో తేలే నూనె కనిపించకుండా పోవచ్చు. పోయిందనుకోవడం పొరపాటు. మరుసటి వేసవిలో మళ్లీ తేలుతుంది.

నల్లరేగడిలో ఇంకో చిక్కుంది. బంకమట్టి తడిగా ఉన్నప్పుడు నూనెను సులభంగా దిగనివ్వదు. వేసవిలో నేల నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల గుండా డీజిలు ఒక్కసారిగా లోతుకు జారుతుంది, వానలు పడగానే నెర్రె మూసుకుంటుంది. రెండడుగులు పక్కన తవ్విన మట్టి శుభ్రంగా వస్తుంది, నెర్రె తగిలిన చోట తవ్వింది నూనె ఓడుతూ వస్తుంది. ఇక్కడ ఒక్క గుంట తవ్వి తీర్పు చెప్పడం సాహసం.

చరిత్ర

చాలా కాలం చమురు కాలుష్యానికి పరీక్ష అంటే ముక్కు, కన్ను. వాసన వస్తే ఉంది, లేకపోతే లేదు. 1952లో ఆర్చర్ మార్టిన్, ఆంథొనీ జేమ్స్ రూపొందించిన గ్యాస్ క్రొమటోగ్రఫీ ఈ స్థితిని మార్చింది. మిశ్రమంలోని ఒక్కో పదార్థాన్ని విడదీసి కొలిచే వీలు దానితో వచ్చింది. దానితోపాటు ఫ్రియాన్‌లో నూనెను కరిగించి పరారుణ కాంతితో మొత్తం కొలిచే చౌక పద్ధతి కూడా చాలా ఏళ్లు నడిచింది. ఓజోన్ పొరను కాపాడే 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఫ్రియాన్ వాడకం తగ్గి, ఆ పద్ధతి వెనకబడింది.

ప్రభుత్వాలను కదిలించినవి మాత్రం ప్రమాదాలే. నెదర్లాండ్స్‌లోని లెకర్‌కెర్క్‌లో రసాయన డ్రమ్ములు పూడ్చిన నేల మీద ఇళ్లు కట్టిన సంగతి బయటపడి, 1980లో కుటుంబాలను తరలించారు. ఆ దేశపు నేల రక్షణ ప్రమాణాలకు అదే పునాది. అమెరికా 1984లో భూగర్భ ట్యాంకుల మీద ప్రత్యేక చట్ట సవరణ తెచ్చింది. పాత ట్యాంకులను మార్చడానికో మూయడానికో 1998 డిసెంబరు 22 గడువు పెట్టింది. అక్కడ ఇప్పటిదాకా ధ్రువపడిన ట్యాంకు లీకులు 5.5 లక్షలకు పైమాటే. గ్యాస్ స్టేషన్ కొనే ముందు నేలను, నీటిని పరీక్షించిన నివేదిక అడగడం అక్కడ మామూలు. ఆ వ్యాపారంలోకి వెళ్లిన తెలుగువారికీ ఇది పరిచయమైన తతంగమే. మెక్సికోలోని గ్వదలహారాలో 1992 ఏప్రిల్ 22న మురుగు కాలువలోకి చేరిన పెట్రోలు ఆవిరి పేలి 200 మందికి పైగా చనిపోయారు. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం 1996లో తన బావుల్లో చాలావాటిని మూసుకోవలసి వచ్చింది. పెట్రోలులో కలిపే ఎంటీబీఈ అనే పదార్థం నీటిలోకి చేరడమే కారణం.

మన దేశంలో ఇంధనం మారినప్పుడల్లా పరీక్షించవలసిన జాబితా కూడా మారింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. అంతకుముందు నుంచి ఉన్న బంకు స్థలంలో అయితే మట్టిలో సీసాన్ని కూడా చూడాలి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. నేలలోని సూక్ష్మజీవులు ముందు ఇథనాల్‌ను తింటాయి, ఉన్న ఆక్సిజన్ దానికే ఖర్చవుతుంది. బెంజీన్ విరగకుండా మిగిలి ఇంకాస్త దూరం పోయే అవకాశం పెరుగుతుంది.

పరీక్ష దశలు

మొదటి దశలో తవ్వకం ఉండదు, లెక్కలే. బంకుల్లో రోజూ డిప్ రాడ్ దించి ట్యాంకులో ఎంత ఉందో చూస్తారు. రాడ్ కొనకు పూసిన పేస్టు రంగు మారితే అడుగున నీరు చేరినట్టు. వచ్చిన సరుకు, అమ్మిన సరుకు, మిగిలిన సరుకు పొంతన కుదరక తేడా ఒకే వైపు పెరుగుతుంటే కారుతోందని అర్థం. అడుగున నీరు పెరుగుతున్నా అనుమానించాలి, జలమట్టం ట్యాంకు కంటే ఎత్తుగా ఉన్నప్పుడు చిల్లు గుండా నూనె బయటికి పోయే బదులు నీరు లోపలికి వస్తుంది. కాలువ సీజన్లో ఈ గుర్తు ముందు కనిపిస్తుంది. పాత ట్యాంకులు ఎక్కడ ఉండేవి, ఎప్పుడు తీశారు అన్నది ఊళ్లో పెద్దవాళ్లను అడిగినా తెలుస్తుంది.

రెండో దశ చూపు. చేతిపంపు కొట్టిన నీటి మీద రంగురంగుల తెట్టు కనిపిస్తే అందరికీ ముందు డీజిలే గుర్తుకు వస్తుంది. డెల్టా నీటిలో ఇనుము ఉన్న చోట, ఇనుప బాక్టీరియా కూడా సరిగ్గా అలాంటి తెట్టే కడుతుంది. తేడా తెలియడానికి ఒక పుల్ల చాలు. తెట్టును పుల్లతో కదిపితే బాక్టీరియా పొర పగిలిన గాజులా పెంకులు పెంకులుగా విడిపోయి అలాగే ఉంటుంది. నూనె తెట్టు అయితే విడిపోయి, పుల్ల చుట్టూ సుడి తిరిగి, మళ్లీ కలిసిపోతుంది. ఇది తుది తీర్పు కాదు, మొదటి వడపోత మాత్రమే. మట్టి రంగూ మోసం చేస్తుంది. నూనె పట్టిన మట్టి బూడిద, నీలి రంగుకు తిరుగుతుంది. నెలల తరబడి నీళ్లు నిలిచిన వరి మడి మట్టి కూడా అదే రంగుకు తిరుగుతుంది.

మూడో దశలో ఆగర్ అనే తొలిచే పనిముట్టుతో తవ్వి మట్టి తీస్తారు. ప్రతి అరమీటరుకు ఒక ముద్ద సంచిలో వేసి మూతి కట్టి, కాసేపు ఆగి, ఆవిరి కొలిచే చేతి పరికరం ముక్కును సంచిలోకి దూరుస్తారు. ఎక్కువ అంకె చూపిన లోతు నుంచి, జలమట్టానికి కాస్త పై నుంచి ప్రయోగశాలకు నమూనాలు పంపుతారు. పెట్రోలు అనుమానమైతే ఐదు గ్రాముల మట్టిని చిన్న గొట్టంతో తీసి అక్కడికక్కడే మెథనాల్ ఉన్న గాజుసీసాలో వేయాలి. చేత్తో పిసికిన, ఎండలో ఉంచిన మట్టిలో బెంజీన్ మిగలదు.

నాలుగోది పరిశీలక బావి. కనీసం మూడు బావులు త్రికోణంగా వేస్తేనే నీటి మట్టాల తేడాను బట్టి భూగర్భ జలం ఏ దిక్కుకు పారుతోందో తెలుస్తుంది. అనుమానిత స్థలానికి ఎగువన ఒకటి, దిగువన కనీసం రెండు ఉండాలి. కృష్ణ గట్టున దిక్కు తేల్చడం అంత సులువు కాదు. ఏరు నిండుగా ఉంటే నీరు ఏటి నుంచి నేలలోకి, ఏరు ఎండితే నేల నుంచి ఏటిలోకి నడవవచ్చు. అందుకే మట్టాలను ఒక్కసారి కాక ఏడాది పొడుగునా కొలవాలి.

బావి వేయడంలో అన్నిటికంటే ముఖ్యమైనది జాలీ గొట్టం. రంధ్రాలున్న ఆ భాగం జలమట్టానికి కింద, పైన రెండు వైపులా ఉండాలి. రంధ్రాలు మొత్తం నీటి లోపలే ఉంటే పైన తేలే నూనె బావిలోకి రాలేదు. తాగునీటి బోర్లలో కావాలనే పై భాగాన్ని మూసి, లోతు పొర నుంచి నీరు తీస్తారు. ఊళ్లో ఉన్న బోర్లలో నీరు పట్టి పరీక్షిస్తే సరిపోదనడానికి కారణం ఇదే. జలమట్టం ఎక్కి దిగే చోట జాలీ పొడవు ఆ తేడా అంతటికీ చాలాలి.

ఐదోది నీటి నమూనా. ముందు నూనె పొర మందం చూడాలి. నూనె, నీరు కలిసే చోటు గుర్తించే టేపు, లేదా పైనుంచి మెల్లగా దించే పారదర్శక గొట్టం వాడతారు. బావిలో కనిపించే మందం నేలలోని అసలు మందం కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది. ఆ తర్వాత బావిలో నిలవ నీటిని తోడేసి, లేదా చాలా నెమ్మదిగా పంపు చేసి, నీటి గుణం నిలకడకు వచ్చాక పట్టాలి. బెంజీన్ కుటుంబానికి 40 మిల్లీలీటర్ల గాజుసీసా, కొంచెం హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అంచు దాటి నిండాక మూత బిగించి, తలకిందులు చేసి చూస్తారు. బఠాణీ గింజంత గాలి బుడగ ఉన్నా ఇంకోటి పట్టాలి. డీజిలుకు లీటరు ముదురు రంగు గాజుసీసా. ఖాళీ మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాలో పట్టిన నీరు ఎందుకూ పనికిరాదు, ప్లాస్టిక్ హైడ్రోకార్బన్లను పీల్చుకుంటుంది. సీసాలు 4 డిగ్రీల చలిలో మంచుపెట్టెలో ప్రయోగశాలకు చేరాలి. ఆమ్లం కలిపిన నమూనాను 14 రోజుల్లో పరీక్షించాలి. దారిలో కలుషితం కాలేదని చూపడానికి శుభ్రమైన నీటి సీసా ఒకటి అదే పెట్టెలో వెళ్లి వస్తుంది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో రాసిన కాగితం లేకపోతే ఆ నివేదిక కోర్టులో నిలవదు.

ప్రయోగశాల పని

గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో సన్నటి పొడవైన గొట్టం గుండా నమూనా ఆవిరి సాగుతుంది. తేలికవి ముందు, బరువైనవి వెనక బయటికి వస్తాయి. తెర మీద శిఖరాల వరుస పడుతుంది. చివర ద్రవ్యరాశి వర్ణమాపకం ఉంటే ఏ శిఖరం ఏ పదార్థానిదో పేరుతో సహా తెలుస్తుంది. బెంజీన్, టొలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్‌లను కలిపి బీటెక్స్ అంటారు. నాఫ్తలీన్ వంటి బహువలయ హైడ్రోకార్బన్లు ఇంకో జాబితా. మొత్తాన్ని పెట్రోలు శ్రేణి, డీజిలు శ్రేణి, నూనె శ్రేణి అని విడదీసి చెబుతారు.

శిఖరాల వరుస వేలిముద్ర లాంటిది. కొత్త డీజిలులో సమాన దూరాల్లో నిటారు శిఖరాలు ఉంటాయి. సూక్ష్మజీవులు ముందు ఆ నిటారు గొలుసులను తినేస్తాయి, ఏళ్లు గడిచిన డీజిలులో అవి అణిగి కింద మూపురం లాంటి మిట్ట మిగులుతుంది. పక్కపక్కన రెండు బంకులున్న చోట కారింది ఎవరిదో, ఎంత పాతదో అంచనా వేయడానికి ఇది పనికొస్తుంది.

అరటి తోటలు, వరి మడులు ఉన్న డెల్టాలో ఒక జాగ్రత్త అవసరం. ఆకుల మీది మైనం కూడా హైడ్రోకార్బనే. కుళ్లిన ఆకులు, వేళ్లు కలిసిన మట్టిని నేరుగా పరీక్షిస్తే ఒక్క చుక్క డీజిలు పడకపోయినా నూనె శ్రేణిలో అంకె వస్తుంది. సిలికా జెల్‌తో వడగడితే మొక్కల నుంచి వచ్చిన ఇతర సేంద్రియ పదార్థాలు చాలావరకు పోతాయి. మైనం మిగిలినా, అందులో 27, 29, 31 వంటి బేసి సంఖ్య కార్బన్ల గొలుసులే ఎక్కువ కాబట్టి గుర్తుపట్టవచ్చు. పక్కనే నూనె సోకని పొలం మట్టిని కూడా పరీక్షించి పోల్చడం ఉత్తమం.

ప్రమాణాలు, ఫలితాల అర్థం

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012 సవరణ ప్రకారం లీటరు నీటిలో ఖనిజ నూనె 0.5 మిల్లీగ్రాములు మించకూడదు. బహువలయ హైడ్రోకార్బన్లకు 0.0001 మిల్లీగ్రాములు హద్దు. బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అమెరికాలో 5. బెంజీన్ మనుషుల్లో రక్త క్యాన్సరుకు కారణమని తేలిన పదార్థం కనుక ఈ హద్దు అంత కిందికి దిగింది.

మన పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాకా ఉండవచ్చు. అంటే లీటరు పెట్రోలులో 10 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 8.8 గ్రాములు. అదంతా నీటిలో కరిగితే 8.8 లక్షల లీటర్ల నీటిని 10 మైక్రోగ్రాముల హద్దుకు చేర్చగలదు. అందుకే ఖనిజ నూనె అంకె ఒక్కటే చూసి నీరు మంచిదని చెప్పలేము, బెంజీన్‌ను విడిగా అడగాలి.

మట్టికి నెదర్లాండ్స్ పెట్టిన ‘జోక్యం చేసుకోవలసిన’ హద్దు కిలో పొడి మట్టికి 5,000 మిల్లీగ్రాముల ఖనిజ నూనె, భూగర్భ జలానికి లీటరుకు 600 మైక్రోగ్రాములు. పలు దేశాల్లో వీటిని పోలికకు వాడతారు. నివేదికలో ‘కనబడలేదు’ అని రాస్తే ఏ హద్దు వరకు వెతికారో పక్కన అంకె ఉండాలి. 50 మైక్రోగ్రాముల కింద చూడలేని పరికరం బెంజీన్ లేదని చెప్పినా ఆ మాటకు విలువ లేదు.

ఉదంతాలు

తెలుగువారు తరతరాలుగా ఉంటున్న ఉత్తర చెన్నైలోని తండయారుపేటలో 2013లో ఇళ్ల బోర్లలో నీటితోపాటు పెట్రోలియం వాసన, నూనె వచ్చాయి. ఓడరేవు నుంచి భారత్ పెట్రోలియం సంస్థ నిల్వ కేంద్రానికి వీధుల కింద వేసిన గొట్టం కారడం దానికి కారణం. జనం జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనాన్ని ఆశ్రయించారు. గొట్టం మరమ్మతుతో వ్యవహారం ముగియలేదు, నేలలో చిక్కిన నూనెను తీసే పని ఏళ్ల తరబడి సాగింది. మొదటి పరీక్ష చేసింది ఏ శాస్త్రవేత్తా కాదు, ఆ ఇళ్లవాళ్ల ముక్కు.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వానలకు చెన్నై మణలిలోని రిఫైనరీ ప్రాంగణం నుంచి నూనె వరద నీటితో బకింగ్‌హామ్ కాలువలోకి, ఎన్నూరు కడలి పాయలోకి చేరింది. జాలర్ల పడవలకు, వలలకు నల్లగా పట్టింది. అదే తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఎన్నూరు పాయ వంటి చోట పరీక్షించవలసినది నీటి పైపొరను మాత్రమే కాదు, అడుగు బురదను కూడా, ఎందుకంటే బరువైన నూనె బురదలోనే దాగుతుంది.

కోనసీమలో 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓఎన్జీసీ బావిలో విస్ఫోటం జరిగి మంట 65 రోజులు మండింది. ఎగిసింది ప్రధానంగా వాయువే. చమురు గొట్టాలు పగిలి వరి చేలలోకి, పంట కాలువల్లోకి ముడి చమురు చేరిన సంఘటనలు మాత్రం గోదావరి జిల్లాల్లో ఆ తర్వాతా వింటూనే ఉన్నాం. అలాంటి చోట చేలో నీరు నిలిచి ఉండగా నూనె పైన తేలి, నీరు తీసేశాక మట్టి పై పొరలో పట్టుకుంటుంది. కాబట్టి పై 15 సెంటీమీటర్ల మట్టి, ఆ కింద గట్టి పొర విడివిడిగా తీయాలి.

చట్టాలు, సంస్థలు

పెట్రోలియం నిల్వకు 1934 చట్టం, 2002 నిబంధనలు ఆధారం. లైసెన్సులను నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) చూస్తుంది. నీటి కాలుష్యం 1974 చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరిధిలోకి వస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులకు మార్గదర్శకాలు ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, నివాస ప్రాంతాలకు 50 మీటర్ల దూరం అందులో ఉంది. స్థలం చాలని చోట అదనపు జాగ్రత్తలతో 30 మీటర్ల దాకా తగ్గించవచ్చు.

2025 జులైలో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు వచ్చాయి. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి, రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా వేయాలి, ఆ తర్వాత పూర్తి సర్వే. శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారిదే. ఊరి బావిలో డీజిలు వాసన వస్తోందన్న ఫిర్యాదుకు ఇప్పుడు ఒక దారి, ఒక గడువు ఉన్నాయి. ఈ విషయం పంచాయతీలకు తెలియాలి.

శుద్ధి పద్ధతులు (సంక్షిప్తంగా)

తక్కువ మట్టి అయితే తవ్వి తీస్తారు. తేలే నూనెను పంపుతో తోడతారు. ఇసుక నేలలో ఆవిరిని పీల్చే బావులు బాగా పనిచేస్తాయి, బంకమట్టిలో గాలి నడవదు. నూనెను తినే బాక్టీరియా మిశ్రమం ‘ఆయిల్‌జాపర్’ను టెరి సంస్థ మన దేశంలోనే తయారు చేసింది, ఓఎన్జీసీ క్షేత్రాల్లో వాడారు. ఏ పద్ధతిలోనైనా శుద్ధి ముగిసిందని చెప్పడానికి మళ్లీ అవే బావుల్లో, అవే నెలల్లో నమూనాలు తీయాలి.

ముంపు తర్వాత పరీక్ష

2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ రికార్డు చెరిగింది. రెండుసార్లూ కొల్లూరు లంకలు మునిగాయి. ముంపులో ఆయిల్ ఇంజన్లు, డీజిలు డబ్బాలు, ట్రాక్టర్లు నీళ్లలోనే ఉంటాయి. భూమిలోని ట్యాంకుకు అప్పుడు వచ్చే ముప్పు కారడం మాత్రమే కాదు. 20 కిలోలీటర్ల ఖాళీ ట్యాంకు మునిగితే నీరు దాన్ని సుమారు 20 టన్నుల బలంతో పైకి నెడుతుంది. బిగింపు సరిగా లేకపోతే ట్యాంకు లేచి పైపు కీళ్లు తెగుతాయి. వరద కబురు రాగానే ట్యాంకులు ఖాళీగా ఉంచకుండా నింపుకోవాలని చెప్పేది అందుకే.

నీరు తీశాక ముందు ట్యాంకు డిప్ చూసి అడుగు నీటిని కొలవాలి. ముంపునకు గురైన ఫిల్టర్ పాయింట్లను కొంతసేపు పారించి, పుల్లతో తెట్టు పరీక్ష చేసి, అనుమానం ఉన్నవాటిలో గాజుసీసా నమూనా పట్టాలి. రెండో నమూనాను, కాలువలు కట్టేశాక, ఏప్రిల్, మే నెలల్లో జలమట్టం అడుగుకు దిగినప్పుడు పట్టాలి. ఒండ్రు మేట వేసిన పొలంలో పై మేటను, కింద పాత నేలను వేరువేరు సీసాల్లో తీసి, మీద లోతు, తేదీ, ఆ రోజు బావి నీటిమట్టం రాసి పంపాలి.